పెద్దవాళ్ళ నొప్పి రోజులో ఏమేం లాగేసుకుంటోందో ఎలా కనిపెట్టాలి, వాటిని ఎలా వెనక్కి తెచ్చుకోవాలి

మా అమ్మని ఎప్పుడు అడిగినా "బానే ఉందిలే" అనేది. నొప్పి అనే మాట ఆమె నోట్లోంచి వచ్చేదే కాదు. కానీ ఆమె మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా గోడ మీద, సరిగ్గా ఆమె అరచెయ్యి ఎత్తులో ఒక మసక చార పడింది, రోజూ చెయ్యి ఆనించి నడవగా నడవగా పడ్డ మరక అది. మేం దాన్ని రెండుసార్లు తుడిచాం, ఒకసారి ఆ గోడకి రంగు కూడా వేయించాం, కానీ ఆ చెయ్యి గోడ మీదకి ఎందుకు పోతోందో ఎవ్వరం ఆలోచించలేదు. మూడోసారి మరక కనపడ్డప్పుడు గానీ అర్థం కాలేదు, ఈలోపు ఆమె మేడ మెట్లు ఎక్కడం మానేసింది, సాయంత్రం నడక మానేసింది, ఎవరింటికైనా వెళ్దామంటే "మీరు వెళ్ళి రండి" అనడం మొదలెట్టింది, మేమేమో వయసు కదా అనుకుని ఊరుకున్నాం.

మీ ఇంట్లో కూడా ఇలాంటి అమ్మో నాన్నో అత్తయ్యో మావయ్యో ఉంటే, వాళ్ళ కోసం మీరు ఏం చెయ్యొచ్చో వరసగా చెప్తాను. నొప్పి మీకే ఉంటే కూడా ఇదే వరస పనికొస్తుంది, "వాళ్ళు" అన్నచోట "నేను" అనుకుని చదువుకోండి.

ముందు ఒక్క మాట. మూడు నెలలు దాటి ఉండిపోయిన నొప్పిని, లేదా మాటిమాటికీ తిరిగొచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కొత్త వెర్షన్ 2022లో అమల్లోకి వచ్చింది, అందులో దీనికి విడిగా చోటు ఇచ్చారు, అంటే ఇది ఇంకో జబ్బు తోక మాత్రమే కాదు, కొన్నిసార్లు ఇదే ఒక జబ్బు అని. గాయం మానిపోయినా, ఎక్స్‌రేలో పెద్దగా ఏం లేకపోయినా, నరాలూ మెదడూ నొప్పికి అలవాటుపడి చిన్నదానికి కూడా పెద్దగా స్పందించడం నేర్చేసుకుంటాయి. కాబట్టి "రిపోర్టులు నార్మలే కదా, ఇంకేం నొప్పి" అనే మాట ఇంట్లో ఎవ్వరూ అనకూడదు. ఆ ఒక్క మాటతో పెద్దవాళ్ళు చెప్పడం మానేస్తారు.

1. ముందు ఆగకూడని లక్షణాలు ఉన్నాయేమో చూడండి

కింద చెప్పేవన్నీ తీరిగ్గా చేసుకునే పనులు, కానీ ఇవి మాత్రం కాదు. నడుం నొప్పితో పాటు ఒంటికీ రెంటికీ పట్టు తప్పడం లేదా మూత్రం రాకుండా ఆగిపోవడం, తొడల మధ్య కూర్చునే చోట మొద్దుబారడం, కాళ్ళలో బలం తగ్గిపోవడం, ఇవి వస్తే అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి. కింద పడ్డాక మొదలైన నొప్పి, అది చిన్న పడటమే అయినా సరే, ఎందుకంటే ఎముకలు గుల్లబారిన వయసులో కుర్చీలో గట్టిగా కూలబడినా వెన్నుపూస చితికే అవకాశం ఉంది. జ్వరంతో పాటు నొప్పి, ఒక కీలు ఉన్నట్టుండి ఎర్రగా వేడిగా వాచిపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఏ పక్కకి తిరిగి పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్ళకి కొత్తగా ఎముక నొప్పి. ఒక కాలి పిక్క ఒక్కటే వాచి నొప్పి పెట్టడం. 50 దాటినవాళ్ళకి కొత్తగా కణతల దగ్గర తలనొప్పి, దువ్వెన తగిలినా నొప్పి, నమిలితే దవడ పీకడం, చూపు మసకేయడం, ఇది ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉన్న సంగతి. గుండెనొప్పి గురించి వేరే చెప్పక్కర్లేదు, కానీ పెద్దవాళ్ళలో అది ఛాతీలో కాకుండా భుజంలోనో దవడలోనో ఉత్త ఆయాసంగానో రావొచ్చు, అది గుర్తుంచుకోండి.

2. ఒక వారం అడగకండి, చూడండి

నేను చేసిన తప్పు రోజుకి పదిసార్లు "నొప్పి ఉందా అమ్మా" అని అడగడం. అడిగిన ప్రతిసారీ ఆమె లేదనే చెప్పేది, మమ్మల్ని కంగారు పెట్టడం ఎందుకని. చాలామంది పెద్దవాళ్ళు ఇంతే, వయసొస్తే నొప్పులు మామూలే అని వాళ్ళే నమ్ముతారు, ఖర్చు గురించి ఆలోచిస్తారు, చెప్తే ఆపరేషన్ అంటారేమో అని భయపడతారు. అందుకే చూడాలి.

పొద్దున్న మంచం మీద లేచి కూర్చున్నాక నిలబడటానికి ఎంతసేపు పడుతోంది. మా అమ్మ రెండు మోకాళ్ళ మీద అరచేతులు పెట్టి గుండ్రంగా రుద్దుకుంటూ కూర్చునేది, నేను ప్రార్థనేమో అనుకునేదాన్ని, కాదు, ఆమె కాళ్ళు తనని మొయ్యడానికి సిద్ధపడేదాకా ఆగుతోంది. స్నానం రోజూ చేస్తున్నారా రోజు మార్చి రోజా, కిందపడ్డ వస్తువు వంగి తీస్తున్నారా అక్కడే వదిలేస్తున్నారా, బట్టల్లో గుండీలు ఉన్నవి పక్కన పెట్టేశారా, సీసా మూత ఎవరితో తీయించుకుంటున్నారు, పై అరలో వస్తువులు ఒక్కొక్కటిగా కింద అరలోకి దిగొచ్చాయా, నీళ్ళు తక్కువ తాగుతున్నారా (బాత్రూమ్‌కి లేవాల్సొస్తుందని చాలామంది మానేస్తారు, దాంతో మలబద్ధకం, కళ్ళు తిరగడం మొదలవుతాయి), మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఒక్క క్షణం ఆగి ఊపిరి బిగబట్టి మళ్ళీ మాట్లాడుతున్నారా. చిరాకు కూడా చూడండి, ఎప్పుడూ శాంతంగా ఉండే మనిషి సాయంత్రం అయ్యేసరికి కసురుకుంటున్నారంటే అది కోపం కాకపోవచ్చు, పొద్దున్నుంచి ఓర్చుకున్న ఓపిక అయిపోయి ఉండొచ్చు.

ఇవన్నీ ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి, తేదీ, టైము, ఏం చూశారు, అంతే. ముఖ్యంగా "మానేసినవి" అని ఒక పేజీ విడిగా పెట్టండి. నాకు తెలిసి ఈ మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఆ పేజీనే.

3. తర్వాత అడగండి, కానీ సరైన మాటతో

"నొప్పి" అంటే లేదనే మనిషి "లాగుతోందా" అంటే ఔనంటారు. మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడండి, పీకుతోంది, సలుపుతోంది, పోటు, గుంజుతోంది, పట్టేసింది, జివ్వుమంటోంది, తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్టుంది, చీమలు పాకినట్టుంది. ఒక్కొక్క మాట డాక్టర్‌కి ఒక్కో దారి చూపిస్తుంది. మంట, తిమ్మిరి, సూదులు, చీమలు, కరెంట్ కొట్టినట్టు అంటే నరాలకి సంబంధించింది అయ్యుండొచ్చు, షుగర్ ఉన్నవాళ్ళకి పాదాల్లో వచ్చేది ఎక్కువగా ఇదే. పొద్దున్న లేవగానే కీళ్ళు పట్టేసి అరగంట లోపు వదిలేస్తే, నడిస్తే పెరిగి కూర్చుంటే తగ్గితే, కీలు అరుగుదల వైపు. గంట దాటినా వదలకుండా వాపు కూడా ఉంటే వాతపు జబ్బుల వైపు, దానికి మందులే వేరు. నడుస్తుంటే కాళ్ళు గుంజి బరువెక్కి, కూర్చున్నా ముందుకి వంగినా తగ్గితే వెన్నులో నరాల దారి ఇరుకైందేమో చూస్తారు, అదే ఊరికే నిలబడితే చాలు పిక్క నొప్పి తగ్గిపోతోందంటే రక్తనాళాలు చూడాలి. ఈ తేడా మీరు తేల్చక్కర్లేదు, డాక్టర్ దగ్గర వాళ్ళ మాటని వాళ్ళ మాటగానే చెప్పండి చాలు, మీరు దాన్ని "బాడీ పెయిన్స్" అని మార్చి చెప్పొద్దు.

ఇంకో మూడు ప్రశ్నలు వారానికి ఒకసారి అడగండి, డాక్టర్లు కూడా వాడే పద్ధతే ఇది. పోయిన వారంలో నొప్పి సగటున సున్నా నుంచి పదిలో ఎంత, ఆ నొప్పి వల్ల సంతోషంగా ఉండటం ఎంత దెబ్బతింది, మామూలు పనులు ఎంత దెబ్బతిన్నాయి. మూడూ సున్నా నుంచి పదే. మొదటి నంబర్ కన్నా మిగతా రెండూ ముఖ్యం, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

4. ఒక్క పని ఎంచుకోండి

"నొప్పి మొత్తం పోవాలి" అనేది చాలామందికి అందని లక్ష్యం, అది పెట్టుకుంటే ప్రతి మందూ ఫెయిలైనట్టే కనిపిస్తుంది. దాని బదులు మానేసినవి పేజీ ముందు పెట్టుకుని "వీటిలో ఒక్కటి తిరిగొస్తే ఏది కావాలి" అని అడగండి. మా అమ్మ నేననుకున్నవేవీ చెప్పలేదు. "సాయంత్రం మేడ మీదకెళ్ళి కాసేపు కూర్చోవాలని ఉంటుంది" అంది, ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు కూడా. పద్నాలుగు మెట్లు. మాకు మిగతావన్నీ ఆ పద్నాలుగు మెట్ల చుట్టూ తిరిగాయి, డాక్టర్‌తో మాట్లాడింది, ఎక్సర్‌సైజు, టాబ్లెట్ టైము, అన్నీ. మీ వాళ్ళకి అది మనవడి పక్కన నేల మీద కూర్చోవడం కావొచ్చు, సొంతంగా తల దువ్వుకోవడం కావొచ్చు. చిన్నదే కావాలి, వాళ్ళదే కావాలి.

5. డాక్టర్ దగ్గరికి మొత్తం మందుల సంచీ పట్టుకెళ్ళండి

చీటీ కాదు, సంచీ. వేరే డాక్టర్లు రాసినవి, మెడికల్ షాప్‌లో అడిగి కొన్నవి, పూసుకునేవి, ఎవరో తెచ్చిచ్చిన పొడులు, అన్నీ. పెద్దవాళ్ళలో నొప్పి కన్నా నొప్పి మాత్రలే ఎక్కువ దెబ్బ తీసిన సందర్భాలు చాలా ఉంటాయి, అందుకే దీని మీద కొంచెం ఎక్కువ చెప్తున్నా.

పారాసిటమాల్: రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదనేది పెద్దల పై లిమిట్, కానీ బాగా వయసు మీదపడ్డవాళ్ళకి, బరువు 50 కిలోల లోపున్నవాళ్ళకి, లివర్ సమస్య లేదా మద్యం అలవాటున్నవాళ్ళకి డాక్టర్లు అంతకన్నా తక్కువే చెప్తారు. జలుబు మాత్రల్లో కూడా ఇదే కలిసి ఉంటుంది, తెలీకుండా డబుల్ అయిపోతుంది, స్ట్రిప్ వెనకాల చదవండి.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటివి: వెంటనే ఆరాం ఇస్తాయి కాబట్టి ఇవే అలవాటవుతాయి. కానీ వయసు పెరిగేకొద్దీ కడుపులో పుండు పడి రక్తం కారడం, కిడ్నీ దెబ్బతినడం, బీపీ పెరగడం, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి ఒంట్లో నీరు చేరడం, ఈ రిస్క్ పెరుగుతుంది. బీపీకి వాడే కొన్ని మాత్రలు, నీరు పోవడానికి ఇచ్చే మాత్ర, వీటికి ఈ నొప్పి మాత్ర కూడా తోడైతే మూడూ కలిసి కిడ్నీని ఒక్కసారిగా దెబ్బ కొట్టొచ్చు, విరేచనాలు పట్టుకుని నీరసంగా ఉన్న రోజు అయితే ఇంకా ప్రమాదం. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు డాక్టర్ చెప్పకుండా వీటిని అసలు ముట్టుకోకూడదు. మలం నల్లగా తారులా వస్తే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళండి. మోకాలు, చేతి వేళ్ళ కీళ్ళకైతే డైక్లోఫెనాక్ జెల్ పూసుకోవడం గురించి అడగండి, పైపూత కాబట్టి రక్తంలోకి పోయేది చాలా తక్కువ.

నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రెగాబలిన్ మత్తుగా తూలినట్టు చేస్తాయి, కిడ్నీ పనితీరుని బట్టి డోస్ తగ్గించాలి. అమిట్రిప్టిలిన్ పెద్ద వయసులో తికమక, నోరెండటం, మూత్రం బిగుసుకోవడం తేవొచ్చు. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలతో మలబద్ధకం, మత్తు, పడిపోవడం రావొచ్చు. ఇవన్నీ చెడ్డ మందులని కాదు, ఎవరికి ఎంత అనేది డాక్టర్ తేల్చాలి, తక్కువలో మొదలెట్టి మెల్లగా పెంచాలి, కొత్త మాత్ర మొదలైన రెండు వారాలు మీరు వాళ్ళ నడకని ఇంకాస్త జాగ్రత్తగా గమనించాలి. రోజూ వేసుకుంటున్నదాన్ని ఉన్నట్టుండి మీ అంతట మీరు ఆపేయొద్దు కూడా.

డాక్టర్ గదిలో టైము తక్కువ ఉంటుంది, కాబట్టి మొదటి వాక్యమే ఇలా చెప్పండి: "మూడు నెలలుగా మెట్లు ఎక్కలేకపోతోంది, ఆ మెట్లు ఎక్కడం మాకు కావాలి". ఇది చెప్పిన రోజు మాకు దొరికిన సమాధానం, అంతకుముందు "ఒళ్ళు నొప్పులండీ" అని చెప్పినప్పుడు దొరికిన చీటీ, రెంటికీ పోలికే లేదు. ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపమని కూడా అడగండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోతే.

6. రోజుని ముక్కలు చెయ్యండి

నొప్పి కాస్త తక్కువున్న రోజు మా అమ్మ మొత్తం అలమర కింద పరిచేసి రెండు గంటలు సర్దేది, పాత అలవాటు, పని సగంలో వదలడం ఆమెకి చేతకాదు. తర్వాత మూడు రోజులు మంచం. మళ్ళీ కాస్త బాగున్న రోజు మళ్ళీ అంతే. ఇలా ఎగసి పడటం వల్ల పనిచెయ్యగలిగే టైము నెల నెలకీ తగ్గిపోతూ వస్తుంది, మంచం మీదున్న రోజుల్లో కండ కరిగిపోతుంది కాబట్టి.

ఇలా చెయ్యండి. ఒక పని తీసుకోండి, బట్టలు మడతపెట్టడం అనుకోండి. మూడు రోజులు అది చేస్తుంటే నొప్పి పెరగడం మొదలయ్యేదాకా ఎన్ని నిమిషాలో చూడండి, సగటు 20 నిమిషాలు వచ్చిందనుకోండి, ఇకనుంచి 15 నిమిషాలకే టైమర్ పెట్టండి, మోగగానే ఆపాలి, ఇంకా చెయ్యగలిగినా సరే, నాలుగు బట్టలే మిగిలినా సరే. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది, నొప్పొచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగడం. పది నిమిషాలు కూర్చుని మళ్ళీ 15. చెడ్డ రోజైనా మంచి రోజైనా అంతే. రెండు వారాలు ఇబ్బంది లేకుండా సాగితే పదో వంతు పెంచండి, అంటే ఒకటి రెండు నిమిషాలు, అంతకుమించి కాదు. మా అమ్మకి మొదట్లో టైమర్ అంటే కోపమొచ్చేది, "నన్ను చిన్నపిల్లని చేశారు" అంది, అప్పుడు ఆ టైమర్ ఆమె చేతికే ఇచ్చేశాను, ఎంత పెట్టాలో ఆమే చూసుకోవడం మొదలెట్టాక ఆ గొడవ పోయింది.

బరువు పనులన్నీ ఒకే పూట పెట్టకండి, స్నానం, బయట పని, చుట్టాలు మూడూ ఒకే పొద్దున వద్దు. నోట్‌బుక్ చూస్తే ఏ టైములో ఒళ్ళు కాస్త వదులుగా ఉంటుందో తెలుస్తుంది, ముఖ్యమైన పని ఆ టైముకి పెట్టండి.

7. ఇంట్లో చెయ్యాల్సిన మార్పులు

ఇది ఒక్క ఆదివారం పని. వాళ్ళు రోజూ వాడే వస్తువులన్నీ నడుం నుంచి భుజం ఎత్తు మధ్యకి తెచ్చేయండి. కుర్చీకి చేతులుండాలి, సీటు మోకాలి ఎత్తు కన్నా కిందకి ఉండకూడదు, మెత్తగా దిగిపోయే సోఫా అస్సలు వద్దు. టాయిలెట్ సీట్ పొట్టిగా ఉంటే పైన వేసే ఎత్తు సీట్ దొరుకుతుంది, పక్కన పట్టుకోవడానికి గోడలోకి దిగేసిన రాడ్ పెట్టించండి, టవల్ రాడ్ మనిషి బరువు మొయ్యదు. స్నానానికి జారని కుర్చీ, హ్యాండ్ షవర్. తిప్పే కుళాయి బదులు పొడుగు పిడి ఉన్న లీవర్ కుళాయి. చెంచా, దువ్వెన, బ్రష్ పిడికి లావుగా స్పాంజ్ చుట్టండి, వేళ్ళు పూర్తిగా ముడవక్కర్లేకుండా పట్టు దొరుకుతుంది. కదిలే చాపలు, వైర్లు తీసేయండి, మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రి చిన్న లైటు. మేం ఆ గోడ మీద మరక ఉన్న చోటే, అదే ఎత్తులో, పొడుగునా ఒక రెయిలింగ్ పెట్టించాం, ఎత్తు కొలవాల్సిన పనే లేకపోయింది.

8. లేవడం, నడవడం, ఎక్కడం మళ్ళీ నేర్పించండి

మంచం మీంచి లేచేటప్పుడు సూటిగా లేవొద్దు. మోకాళ్ళు మడిచి, భుజాలూ నడుమూ కలిపి ఒకేసారి పక్కకి తిరిగి, కాళ్ళు మంచం కిందకి జార్చుతూ చేత్తో తోసుకుంటూ లేవాలి. కూర్చున్నాక ఒక నిమిషం ఆగి అప్పుడు నిలబడాలి. కుర్చీలోంచైతే ముందు అంచుకి జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు కాలి వేళ్ళ మీదకి వచ్చేంత ముందుకి వంగి, అప్పుడు లేవాలి. మీరు చేతులు పట్టి పైకి లాగకండి, భుజం కీలు దెబ్బతింటుంది.

చేతికర్ర చాలామంది నొప్పున్న కాలి వైపే పట్టుకుంటారు, అది తప్పు, నొప్పి లేని వైపు చేతిలో ఉండాలి. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడం చేతిలో, కుడి కాలుతో పాటు కర్ర కూడా ముందుకెళ్ళాలి. చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే మణికట్టు గీత ఎక్కడుందో కర్ర పిడి అక్కడుండాలి. కింద రబ్బరు అరిగితే మార్చండి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్రా నొప్పి కాలూ.

నొప్పిగా ఉన్నప్పుడు కదిలితే ఇంకా అరిగిపోతుందేమో అనే భయం పెద్దవాళ్ళలో బాగా ఉంటుంది, నిజానికి మోకాళ్ళ అరుగుదలకి, పాత నడుం నొప్పికి ఎక్సర్‌సైజే మందుల వరసలో ముందుండేది. 65 దాటినవాళ్ళకి కూడా వారానికి కనీసం 150 నిమిషాలు మోస్తరు కదలిక, అందులో మూడు రోజులు బలానికీ పడిపోకుండా నిలబడటానికీ పనికొచ్చేవి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, కానీ ఆ 150 చూసి బెదిరిపోవద్దు, మేం మొదలెట్టింది రోజుకి ఐదు నిమిషాలతో. కుర్చీలో కూర్చుని ఒక కాలు చాపి తొడ బిగించి ఐదు లెక్కపెట్టి దించడం, పది సార్లు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఐదు సార్లు. గట్టి బల్ల పట్టుకుని మడమలు లేపడం. ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి ఒక లెక్కుంది, చేసిన రెండు గంటల తర్వాత కూడా నొప్పి మొదలెట్టకముందు కన్నా ఎక్కువగా ఉంటే రేపు తగ్గించాలి, మానేయకూడదు, తగ్గించాలి అంతే. అధిక బరువుంటే అది ఒక్క కిలో తగ్గినా ప్రతి అడుగుకీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది, కానీ తిండి మాన్పించొద్దు, ఈ వయసులో కండ పోతే మళ్ళీ రావడం కష్టం, డాక్టర్‌ని అడిగి చెయ్యండి.

కాపడం 15, 20 నిమిషాలు చాలు. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్ళకి వేడి తెలీదు, చర్మం కాలిపోతుంది, మీ చేత్తో చూసి పెట్టండి, కాపడం పెట్టుకుని నిద్రపోనివ్వకండి.

9. నిద్ర

నొప్పి నిద్ర చెడగొడుతుంది, నిద్ర చెడితే మర్నాడు అదే నొప్పి ఎక్కువ తెలుస్తుంది. పక్కకి పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు, వెల్లకిలా అయితే మోకాళ్ళ కింద. ఏ టైముకి పడుకున్నా లేచే టైము మాత్రం ఒకటే ఉండాలి, మధ్యాహ్నం నిద్ర అరగంట దాటనివ్వద్దు. నిద్రమాత్ర సొంతంగా వద్దు, నొప్పి మాత్రతో కలిస్తే రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు పడిపోయే ప్రమాదం.

10. మనసు సంగతి వదిలేయకండి

గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా, దిగులుగా ఆశ లేనట్టుగా ఉందా, ఈ రెండూ అడగండి. చాలా రోజులు అలాగే ఉందంటే డాక్టర్‌కి చెప్పాల్సిందే, దిగులుకి వైద్యం చేస్తే నొప్పి కూడా కొంత తగ్గుతుంది. "నేను పోతే మీకు సుఖం" లాంటి మాట వస్తే దాన్ని చాదస్తం కింద కొట్టెయ్యకండి, పక్కన కూర్చుని సూటిగా అడగండి, ఆ రోజే సాయం తెచ్చుకోండి.

పనులన్నీ వాళ్ళ చేతిలోంచి లాక్కోవడం కూడా ప్రేమే అనుకుంటాం. మా అమ్మ చేతిలోంచి గ్లాసు కూడా లాక్కున్నాం కొన్నాళ్ళు. తర్వాత తెలిసింది ఆమెని ఎక్కువ బాధపెట్టింది మోకాలు కాదు, ఇంట్లో తనకంటూ పని లేకపోవడం అని. ఇప్పుడు అడుగుతాం, "ఇది నువ్వు చేస్తావా, నేను చెయ్యనా, ఇద్దరం కలిసి చేద్దామా". మూడో సమాధానమే ఎక్కువ వస్తుంది.

11. చెప్పలేని స్థితిలో ఉంటే

మతిమరుపు జబ్బు బాగా ముదిరినవాళ్ళు నొప్పి ఉందని చెప్పలేరు, అంతమాత్రాన నొప్పి లేదని కాదు. ఐదు చూడండి: ఊపిరి తీరు, మూలుగు లేదా అరుపు, ముఖం, ఒంటి బిగువు, ఓదారిస్తే ఊరుకుంటున్నారా లేదా. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు, మొత్తం పదికి, నర్సులు వాడే పద్ధతి ఇదే. స్నానం చేయించేటప్పుడు, పక్కకి తిప్పేటప్పుడు చూస్తేనే తెలుస్తుంది, ఊరికే పడుకున్నప్పుడు కాదు. "మొండికేస్తున్నారు, కొడుతున్నారు" అని మత్తు మందు అడిగేముందు ఇది చూడండి, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, పంటి నొప్పి కూడా చూడండి.

12. నొప్పి ఎగదన్నే రోజుకి ముందే ఒక కాగితం

ఎంత జాగ్రత్తగా ఉన్నా అలాంటి రోజులొస్తాయి. ఆ రోజు ఆలోచించే ఓపిక ఎవరికీ ఉండదు, కాబట్టి బాగున్న రోజే రాసి పెట్టుకోండి: డాక్టర్ చెప్పిన ఏ మాత్ర ఎంత, గరిష్ఠం ఎన్ని, కాపడం ఎక్కడ, ఆ రోజు ఏ పనులు వదిలేయాలి, ఏవి వదలకూడదు (గంటకోసారి లేచి గదిలోనే నాలుగు అడుగులు వెయ్యడం వదలకూడదు), ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎన్ని రోజులకి తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి. మాది ఫ్రిజ్ తలుపు మీద ఉంది, అమ్మ చేతిరాతే.

13. నెలకోసారి నోట్‌బుక్ తిరగేయండి

మొదటి నెల మా అమ్మ నొప్పి నంబర్ ఏడు, ఐదో నెలకి ఆరు. అది ఒక్కటే చూసుంటే ఏమీ మారలేదనుకునేవాళ్ళం. కానీ మామూలు పనులు దెబ్బతిన్న నంబర్ ఎనిమిది నుంచి నాలుగుకి వచ్చింది, మానేసినవి పేజీలో మూడు కొట్టేశాం. మెట్ల మలుపులో, ఏడో మెట్టు తర్వాత, చేతులున్న కుర్చీ ఒకటి వేశాం. ఏడు మెట్లు ఎక్కి అక్కడ కూర్చుంటుంది, టైమర్ ఐదు నిమిషాలు పెట్టుకుంటుంది, మిగతా ఏడు ఎక్కుతుంది. దిగేటప్పుడు మాత్రం పక్కన ఒకళ్ళం ఉంటాం, చీకటి పడకముందే దిగాలని ఆమే చెప్పింది, అది కూడా ఆ కాగితం మీద రాసుకుంది.